టెల్‌ఫర్డ్ స్కేల్ మోడల్‌వరల్డ్‌కు వెళ్తున్నారా? సంచి సర్దడం నుంచి తిరుగు ప్రయాణం దాకా

"మోడల్ ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి, ఏం కొనాలి?" చలికాలం దగ్గరపడితే చాలు, బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లూ, ఆ రోజుల్లో అటు వెళ్లే పనున్నవాళ్లూ ఇదే అడుగుతుంటారు. అందరికీ ఒకేచోట జవాబు ఇది.

స్కేల్ మోడల్‌వరల్డ్ అంటే అసలు వస్తువులను కొలత ప్రకారం చిన్నవిగా చేసిన నమూనాల ప్రదర్శన. ఇది ఇంగ్లండ్‌లోని టెల్‌ఫర్డ్ ఇంటర్నేషనల్ సెంటర్‌లో నవంబరులో ఒక శని, ఆదివారాల్లో జరుగుతుంది. నడిపేది 1963లో మొదలైన ఐపీఎంఎస్ (ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ) యూకే. హాళ్ల నిండా క్లబ్బుల టేబుళ్లు, వాటి మధ్యే అమ్మకందారుల స్టాళ్లు, పోటీ మోడళ్లకు విడిగా చోటు ఉంటాయి. విమానాలు, ట్యాంకులు, ఓడలు, కార్లతో పాటు చేత్తో రంగులద్దిన సైనికుల ఫిగర్లు (మనిషి బొమ్మలు), బస్టులు (ఛాతీ దాకానే ఉండే బొమ్మలు), డయోరమాలు (ఒక దృశ్యాన్ని చూపే అమరికలు) అన్నీ అక్కడే.

కొత్తగా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దాన్ని పెద్ద దుకాణం అనుకుని తిరిగొస్తారు. కిట్ డబ్బా (విడిభాగాలు కలిపి మోడల్ చేసుకునేది) ఆన్‌లైన్‌లో ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ మోడల్ చేసిన మనిషి ఎదురుగా కూర్చుని "ఈ తుప్పు రంగు ఇలా వేశాను" అని చెప్పడం మాత్రం అక్కడే జరుగుతుంది. అందుకే మీ సమయంలో కనీసం సగం టేబుళ్లకే కేటాయించండి. కింద రాసినవన్నీ ఆ లెక్కతో రాసినవే.

కావలసినవి

- ముందుగా కొన్న టికెట్, ఫోన్‌లోనూ కాగితం మీదా
- చిన్న నోట్‌బుక్, పెన్ను
- ఫోన్ లేదా కెమెరా, పవర్ బ్యాంక్
- 5, 10 పౌండ్ల నోట్లు కొన్ని. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది, కానీ పాత కిట్లు అమ్మే చిన్న స్టాళ్ల దగ్గర నగదు ఉంటే బేరం సులువు
- కొనాల్సిన వాటి జాబితా, మీ దగ్గర ఇప్పటికే ఉన్న కిట్ల జాబితా (రెండోది లేకే చాలామంది ఒకే కిట్‌ను రెండుసార్లు కొంటారు)
- గట్టి అట్టపెట్టె ఒకటి, బబుల్ ర్యాప్, జిప్ కవర్లు
- మెత్తటి బూట్లు. రోజంతా నడక, నిలబడటమే

వద్దనేవి: వీపు వెనక పెద్ద సంచి, వేలాడే స్కార్ఫ్, వదులు చేతుల కోటు. టేబుల్ అంచున ఉన్న ఓడ మోడల్ తెరచాప తాళ్లు తెగడానికి ఒక్క కోటు గుండీ చాలు. సంచి తప్పదనుకుంటే ముందువైపు, ఛాతీ మీదకు తగిలించుకోండి.

1. టికెట్, రైలు, బస

టికెట్ ధర, తలుపులు తెరిచే వేళలు ఆ ఏడాదికి ఎలా ఉన్నాయో నిర్వాహకుల ప్రకటనలో చూసుకోండి. సభ్యుల ప్రవేశ నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి ఐపీఎంఎస్‌లో చేరే ఆలోచన ఉంటే టికెట్ కొనకముందే చేరండి.

దిగాల్సిన స్టేషన్ టెల్‌ఫర్డ్ సెంట్రల్. అక్కణ్ణుంచి పావుగంట నడక. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి రైలులో ముప్పావుగంట దాకా పడుతుంది. లండన్ నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా బర్మింగ్‌హామ్‌లోనో వోల్వర్‌హాంప్టన్‌లోనో మారాలి.

జాగ్రత్త: బ్రిటన్‌లో ఆదివారాలు పట్టాల మరమ్మతులు పెట్టి రైళ్లకు బదులు బస్సులు నడపడం మామూలే. ఆదివారం సాయంత్రం విమానం పెట్టుకోకండి. ఒక్కరోజే కుదిరితే శనివారం మంచిది. స్టాళ్లలో సరుకు నిండుగా ఉంటుంది, టేబుళ్ల వెనక మనుషులు హుషారుగా ఉంటారు. ఆదివారం మధ్యాహ్నానికి సర్దుడు మొదలవుతుంది. కానీ కొందరు అమ్మకందారులు ధర తగ్గించేదీ అప్పుడే. టెల్‌ఫర్డ్‌లో గదులు ముందే నిండిపోతాయి. దొరక్కపోతే అదే రైలు మార్గంలో వోల్వర్‌హాంప్టన్‌లోనో ష్రూస్‌బరీలోనో చూసుకోండి.

శుక్రవారమే చేరుకోగలిగితే కాస్‌ఫర్డ్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మ్యూజియం వదులుకోవద్దు. అదే రైలు దారి, ప్రవేశం ఉచితం. బ్రిటన్ మూడు వి-బాంబర్లు (వి అక్షరంతో పేర్లు మొదలయ్యే బాంబర్ విమానాలు) వాలియంట్, విక్టర్, వల్కన్ ఒకే చోట కనిపించేది అక్కడే. మిగిలి ఉన్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల్లో అన్నిటికన్నా పాతదైన కే9942 కూడా అక్కడే ఉంది. అసలు విమానం రేకు మీద రివెట్లు ఎంత మందంగా కనిపిస్తాయో ముందురోజు చూసుకుంటే, మర్నాడు మోడళ్లలో ఏది అతి, ఏది సరి అన్నది మీ కంటికే తెలుస్తుంది.

2. స్కేలు లెక్క చేతిలో ఉంచుకోండి

1/72 అంటే అసలు దానిలో 72వ వంతు. విమానాలకు 1/72, 1/48, 1/32, ట్యాంకులకు 1/35, ఓడలకు 1/350, 1/700, కార్లకు 1/24. ఫిగర్లను మాత్రం మిల్లీమీటర్లలో చెబుతారు. గందరగోళమంతా ఇక్కడే. లెక్క ఇలా: మనిషి ఎత్తు 1,750 మి.మీ. అనుకుని స్కేలుతో భాగించండి. 1/35లో 50 మి.మీ. వస్తుంది, 1/32లో దాదాపు 55, 1/24లో దాదాపు 73. అందుకే 54 మి.మీ. ఫిగర్ 1/32 విమానం పక్కన సరిపోతుంది, 1/35 ట్యాంకు పక్కన కొంచెం పెద్దగా కనిపిస్తుంది. 75 మి.మీ. అంటే సుమారు 1/24.

ఇంకో చిక్కు: కొందరు తయారీదారులు పాదం నుంచి కంటి దాకా కొలుస్తారు, కొందరు తల పైదాకా. డయోరమా కోసం వేర్వేరు కంపెనీల ఫిగర్లు కలపాలంటే డబ్బా మీది అంకెను నమ్మకండి. తలలు, చేతులు పక్కపక్కన పెట్టి చూడండి. తల పరిమాణం తేడాగా ఉంటే ఎత్తు కలిసినా లాభం లేదు.

3. సొంత మోడల్ తీసుకెళ్తుంటే

చూడటానికే వెళ్లేవాళ్లు ఈ మెట్టు దాటేయొచ్చు. పోటీకి పెట్టేవాళ్లు విభాగాలు, నమోదు గడువు, పీఠం కొలతల పరిమితి ముందే చదువుకోండి.

దారిలో విరిగేవాటిలో ఎక్కువ భాగం పెట్టెలో కదలడం వల్ల విరుగుతాయి. మోడల్‌ను స్పాంజితో నలువైపులా నొక్కిపెడితే భద్రం అనుకుంటారు. తప్పు. స్పాంజి ఏంటెనాలను, కత్తి కొనలను, తుపాకీ గొట్టాలను పట్టుకుని లాగేస్తుంది. పట్టు పీఠానికే ఉండాలి, మోడల్‌కు ఏదీ తగలకూడదు.

ఫిగర్‌కైతే: పాదంలో 1 మి.మీ. రంధ్రం చేసి ఇత్తడి తీగ దించండి. పీఠంలోనూ అంతే రంధ్రం. రెండు భాగాల ఎపాక్సీతో అతికించి రాత్రంతా వదిలేయండి. ఒక్క సూపర్‌గ్లూ మీద నిలబెట్టిన వైట్ మెటల్ (మిశ్రమ లోహం) ఫిగర్ బరువుకు ఊడుతుంది, ఎందుకంటే ఆ గమ్ పక్కదెబ్బను తట్టుకోదు. తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగు నుంచి చెక్క పీఠంలోకి ఒక మర బిగించండి. చుట్టూ, పైన కనీసం 2 సెం.మీ. ఖాళీ ఉండాలి. మర వద్దనుకుంటే పీఠం అడుగున అయస్కాంతాలు, డబ్బా అడుగున ఇనుప రేకు. విమానానికైతే చక్రాల దగ్గర కాక, రెక్కల మొదట్లో కింద మెత్తటి స్పాంజి దిమ్మలు పెట్టి, పైనుంచి వెడల్పాటి కాగితపు పట్టీతో వదులుగా పట్టి ఉంచండి.

సరిచూసుకోవడం: డబ్బాను 45 డిగ్రీలు నాలుగు వైపులా వంచండి. చప్పుడు వచ్చినా, మోడల్ కదిలినా మళ్లీ కట్టండి. ఆ తర్వాత కారులో పది నిమిషాలు తిప్పి మళ్లీ చూడండి.

విమానంలో వెళ్తుంటే చేతి సామానులోనే ఉంచండి. భద్రతా సిబ్బంది తెరవమంటారు కాబట్టి టేపు చుట్టేయకండి, క్లిప్పుల మూత ఉంటే చాలు. లోపల ఏముందో తెలిపే ఫొటో ఒకటి మూత మీద అంటిస్తే పని త్వరగా అవుతుంది. మరమ్మతు సంచిలో ట్వీజర్, 0 నంబరు బ్రష్, ఆ మోడల్‌కు వాడిన రెండు మూడు రంగులు, మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొద్దిగా పెట్టుకోండి, రంగులూ వార్నిషూ నీటితో కలిపేవే అయి ఉండాలి. కత్తి బ్లేడ్లు మాత్రం చెక్-ఇన్ సామానులో.

4. హాల్లో మొదటి గంట

లోపలికి వెళ్లగానే హాళ్ల ప్లాన్ తీసుకోండి. మీ జాబితాలో దొరకడం కష్టమైనవి, అంటే ఆగిపోయిన కిట్లు, చిన్న సంస్థల రెసిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) ఫిగర్లు, ప్రత్యేక డెకాల్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల) షీట్లు ఉంటే ముందు వాటికే వెళ్లండి, మధ్యాహ్నానికి అయిపోతాయి. భారత వైమానిక దళం గుర్తుల డెకాళ్లు వెతికేవాళ్లకూ ఇదే మాట. రంగులు, బ్రష్షులు, ప్రైమర్లు (రంగుకు ముందు వేసే తొలిపూతలు) సాయంత్రానికీ ఉంటాయి, అప్పటిదాకా మోయకండి.

ఆ పని కాగానే కొనడం ఆపి, ఏమీ చదవకుండా, ఫొటోలు తీయకుండా హాళ్లన్నీ ఒక్కసారి చుట్టి రండి. ఆగాలనిపించిన టేబుళ్ల నంబర్లో క్లబ్బు పేర్లో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇలా చేయనివాళ్లు మొదటి హాల్లోనే మూడు గంటలు గడిపి, చివరి హాల్లో పరిగెత్తుతారు.

5. మోడల్‌ను ఎలా చూడాలి

ముట్టుకోకూడదు. వేలు చూపించేటప్పుడు కూడా చేయి టేబుల్ మీదుగా చాపకండి. బొమ్మల కొలువు ముందు పిల్లల చేతులు పట్టుకున్నట్టే ఇక్కడ మన చేయి మనమే పట్టుకోవాలి. నడుం వంచి, కన్ను మోడల్ ఎత్తుకు తెచ్చుకోండి. పైనుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

విమానంలో: ముందువైపు నుంచి చూసి రెండు రెక్కలు ఒకే కోణంలో ఉన్నాయా, తోక నిటారుగా ఉందా గమనించండి. రెక్క శరీరానికి కలిసేచోట అతుకు గీత పుట్టీతో మాయమైందా చూడండి. ఆ తర్వాత డెకాల్. పారదర్శక అంచు కింద వెండి మెరుపులా కనిపిస్తే దాన్ని సిల్వరింగ్ అంటారు. గరుకైన మ్యాట్ రంగు మీద డెకాల్ వేస్తే కింద గాలి చిక్కుకుంటుంది, ఆ గాలే మెరుస్తుంది. మంచి మోడల్‌లో గుర్తు రంగుతోనే వేసినట్టుంటుంది: ముందు గ్లాసీ (నున్నగా మెరిసే) వార్నిష్, తర్వాత డెకాల్‌ను మెత్తబరిచే ద్రావకం, చివర మ్యాట్ వార్నిష్.

ట్యాంకులో: ట్రాకులు బరువుకు చక్రాల మీద ఒరిగాయా, గాల్లో తేలుతున్నాయా? బురద చక్రాలకు ఉండి, అదే బురద పీఠం మీద లేకపోతే కళ్లకు అతకదు. తుప్పు వాన నీరు నిలిచే మూలల్లో ఉండాలి, అంతటా సమానంగా కాదు.

ఫిగర్ దగ్గర ఎక్కువసేపు ఆగండి, నేర్చుకునేది అక్కడే ఎక్కువ. మొదట వెలుతురు ఎటునుంచి పడుతున్నట్టు వేశారో కనిపెట్టండి. నుదురు, ముక్కు కొన, భుజాలు, మోకాళ్లు వెలుగులో. గడ్డం కింద, చంకలో, బెల్టు కింద నీడ. ఆ దిక్కు ముఖంలో ఒకటి, బట్టల్లో ఒకటి ఉంటే ఫిగర్ ఏదో తేడాగా అనిపిస్తుంది, కారణం వెంటనే తెలియదు. తర్వాత కళ్లు. పూర్తి తెలుపు వాడితే ఉలిక్కిపడిన చూపు వస్తుంది. అనుభవమున్నవాళ్లు కాస్త లేత గోధుమ కలిపిన తెలుపు వాడి, నల్లగుడ్డు పై భాగాన్ని రెప్ప కింద దాచేస్తారు. లోహం చూస్తే, అది నిజంగా మెరిసే లోహపు రంగా, లేక మామూలు రంగులతో మెరుపును చిత్రించారా గమనించండి. రెండోది ఒక కోణం నుంచి అద్భుతంగా ఉంటుంది, పక్కకు జరిగితే మెరుపు కదలదు. రెండు పద్ధతులూ మంచివే, కానీ ఫొటో చూసి రెండోదాన్ని మొదటిదనుకుని ఇంటికెళ్లి ప్రయత్నించేవాళ్లు నిరాశపడతారు.

6. టేబుల్ వెనక ఉన్నవాళ్లను అడగండి

మొహమాటపడకండి. వాళ్లు వచ్చిందే చెప్పడానికి. కానీ "చాలా బాగుంది, ఎలా చేశారు?" అంటే చిరునవ్వు తప్ప ఏమీ రాదు. ఒక్క చోటు చూపించి ఒక్క సంగతి అడగండి:

- ఈ కోటు నీడలో నలుపు కలిపారా, ఊదా కలిపారా?
- రంగు బ్రష్‌తో వేశారా, ఎయిర్‌బ్రష్‌తోనా (గాలితో రంగు చిమ్మే పరికరం)? ఎంత పలుచన చేశారు?
- ఈ కిట్‌లో ఎక్కువ బాధపెట్టిన భాగం ఏది?

మూడోది మరిచిపోకండి. ఆ కిట్ మీ జాబితాలో ఉంటే, కొనాలా వద్దా అన్నది ఆ జవాబుతోనే తేలుతుంది. చెప్పిన రంగు పేరుతో పాటు కంపెనీ, నంబరు రాసుకోండి. "ఆలివ్ గ్రీన్" అన్నది వల్లెహోలో ఒకటి, టమియాలో ఒకటి, హంబ్రాల్‌లో ఇంకొకటి.

బెంగాల్ లాన్సర్లు, సిక్కు సైనికులు ఫిగర్లలో ఎప్పటినుంచో ఇష్టమైన అంశాలు, తరచూ కనిపిస్తాయి. తలపాగా చుట్టులోనో ధోవతి మడతలోనో మీకు తెలిసిన తేడా ఉంటే మర్యాదగా చెప్పండి. తప్పుపడుతున్నట్టు కాక, "మా దగ్గర ఇలా కడతారు" అని ఫోన్‌లో ఫొటో చూపిస్తే వాళ్లే నోట్‌బుక్ తీస్తారు.

7. ఫొటోలు

ఫ్లాష్ వద్దు. మెరుపు రంగును చదును చేసేస్తుంది, పక్కవాళ్ల కళ్లలోనూ పడుతుంది.

ఫోన్‌తో: మోడల్‌కు మరీ దగ్గరగా వెళ్తే చాలా ఫోన్లు తమంతట తామే వైడ్ లెన్స్ మ్యాక్రోకు మారతాయి. ముక్కు పెద్దదై ముఖం వంకర పోతుంది, మీ ఫోన్ నీడా పడుతుంది. అరమీటరు వెనక్కి జరిగి 2 రెట్లు లేదా 3 రెట్లు జూమ్ పెట్టండి. ఫోకస్ ముఖం మీద వేలితో నొక్కి, వెలుతురు కొద్దిగా తగ్గించండి, లేత రంగులు పేలిపోకుండా.

కెమెరాతో: ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ఐఎస్‌ఓ 800 నుంచి 1600. షట్టర్ 1/50 లేదా 1/100. అక్కడి కరెంటు కూడా మనలాగే 50 హెర్ట్‌జ్ కాబట్టి ఈ వేగాల్లో హాలు దీపాల చారలు పడవు.

ప్రతి మోడల్‌కు వరుస ఇదే: ముందు పేరు కార్డు, తర్వాత పూర్తి మోడల్, ఆ తర్వాతే మీకు నచ్చిన చోటు. కార్డు ఫొటో లేకపోతే వారం తర్వాత ఏది ఎవరిదో తెలియదు. సరిచూసుకోవడం అక్కడే చేయండి: తెర మీద పెద్దది చేసి కళ్లు స్పష్టంగా ఉన్నాయా చూసి, తర్వాతే కదలండి.

8. కొనేముందు

సీల్ లేని డబ్బాను అడిగి తెరవండి. సూచనల పుస్తకం మొదటి పేజీలో స్ప్రూల (విడిభాగాలు అతుక్కుని ఉండే చట్రాల) పటం ఉంటుంది, దానితో లెక్క సరిచూడండి. పారదర్శక భాగాలకు పగులు ఉందా? డెకాల్ షీట్ పసుపెక్కిందా? పసుపు సమస్య కాదు, కిటికీ అద్దానికి అంటించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే చాలావరకు పోతుంది. అసలు ప్రమాదం డెకాల్ నీళ్లలో ముక్కలవడం. ఇంటికెళ్లాక అక్కర్లేని ఒక గుర్తును తడిపి చూడండి. విరిగితే షీట్ మొత్తం మీద గ్లాసీ వార్నిష్ పలుచగా కొట్టి, ఆరాక వాడండి.

రెసిన్ ఫిగర్‌లో మొదట ముఖం చూడండి. అచ్చు గీత ముఖం మీదుగా పోతే వదిలేయండి, గీకితే ముక్కూ పెదవీ పోతాయి. చెవి వెనక, వీపు మీద ఉన్న గీతకు భయం లేదు. వంగిన కత్తి, ఈటె ఉంటే కొనొచ్చు: 60 నుంచి 70 డిగ్రీల వేడినీళ్లలో కాసేపు ఉంచి, తిన్నగా చేసి, చల్లనీళ్లలో ముంచితే నిలుస్తుంది. గాలి బుడగలు వేళ్ల మీద, ముక్కు కొన మీద ఉన్నాయేమో చూడండి.

ధర అనుమానం వచ్చేంత తక్కువ, తయారీదారు డబ్బా లేదు, గుండీలు అరిగినట్టు మొద్దుబారి ఉన్నాయి అంటే అది దొంగ అచ్చు అయ్యే అవకాశం ఎక్కువ. అసలు శిల్పికి పైసా చేరదు, కొనకండి. చిన్న సంస్థలు ఇద్దరు ముగ్గురి కష్టం మీద నడుస్తాయి, ఈ నకళ్లతోనే మూతపడతాయి.

9. పోటీ మోడళ్ల దగ్గర

పోటీల్లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, విభాగంలో మోడళ్లను పక్కపక్కన పోల్చి మొదటి, రెండు, మూడు స్థానాలివ్వడం. ఇంకొకటి, ఫిగర్ ప్రదర్శనల్లో ఎక్కువగా కనిపించేది: ప్రతి మోడల్‌ను ప్రమాణంతో పోల్చి, తగినన్నిటికీ బంగారు, వెండి, కంచు ఇవ్వడం. ఏది నడుస్తోందో తెలుసుకుని చూడండి. పతకం రాని మోడల్ దగ్గర కూడా ఆగండి. గెలిచినదాని పక్కన పెట్టి తేడా మీరే పట్టుకోవడానికి ప్రయత్నిస్తే, న్యాయనిర్ణేత చూపు ఎక్కడ ఆగిందో అర్థమవుతుంది. తరచూ అది రంగులో ఉండదు, అతుకు గీతలోనో వంకరగా ఉన్న చక్రంలోనో ఉంటుంది.

10. తిరుగు ప్రయాణం

ఇండియా విమానం ఎక్కేవాళ్లు స్ప్రే డబ్బాలు, ఎనామెల్, లాకర్ రంగులు, థిన్నర్లు కొనకండి. మండే ద్రవాలను చేతి సామానులోనూ, చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు. టమియా ఎక్రిలిక్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఎక్రిలిక్ అన్న మాట చూసి తీసుకోవద్దు. సీసా మీద మంట గుర్తు ఉంటే అక్కడే వదిలేయండి. నీటితో కలిపే రంగుల సీసాలను మూత చుట్టూ టేపు వేసి, జిప్ కవర్‌లో నిలబెట్టి చెక్-ఇన్‌లో పెట్టండి. పెద్ద కిట్ల డబ్బాలు బరువు కన్నా జాగా తినేస్తాయి. స్ప్రూలను కవర్లలో వేసి డబ్బాను చదునుగా మడిచి తేవచ్చు, కానీ పారదర్శక భాగాలు, డెకాళ్లు రెండు అట్టల మధ్య విడిగా ఉండాలి. బిల్లులు దాచుకోండి, కస్టమ్స్‌లో అడిగితే విలువ చూపించాలి.

ఇంటికి చేరిన రెండు రోజుల్లోపే ఫొటోలకు పేర్లు పెట్టి, నోట్‌బుక్ రాతలను వాటి పక్కన ఎక్కించండి. రెసిన్ భాగాలను సబ్బు నీళ్లతో కడగండి, అచ్చు నూనె మిగిలితే ప్రైమర్ పట్టదు. గీకేటప్పుడు తడిపి గీకి, మాస్కు కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. విన్న పద్ధతిని నేరుగా కొత్త కిట్ మీద ప్రయోగించకండి. ప్లాస్టిక్ స్పూన్ వీపు మీద ప్రైమర్ కొట్టి, అదే రంగు, అదే వార్నిష్, ఒక పాత డెకాల్ వేసి చూడండి. ఆరాక స్పూన్‌ను దీపం కింద అటూ ఇటూ తిప్పండి. వెండి మెరుపు కనిపిస్తే గ్లాసీ వార్నిష్ ఇంకో పూత కావాలి. కనిపించకపోతే కిట్ డబ్బా తెరవండి.